అమెరికా నర్సింగ్ హోమ్‌లకి గవర్నమెంట్ డబ్బు ఎలా వస్తుంది, దాని కోసం ఎవరు కొట్లాడతారు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరి కోసం?

రెండు రకాల వాళ్ళ కోసం అండీ. ఒకటి, ఇక్కడ నర్సింగ్ హోమ్‌లలో పని చేసే మనవాళ్ళు, అంటే పీటీలు (ఫిజికల్ థెరపిస్టులు), ఓటీలు (ఆక్యుపేషనల్ థెరపిస్టులు), నర్సులు, ఎండీఎస్ అనే పేషెంట్ అసెస్‌మెంట్ ఫారం నింపేవాళ్ళు, బిల్లింగ్‌లో ఉండేవాళ్ళు. రెండోది, అమ్మానాన్నల్ని గ్రీన్ కార్డ్ మీద తెచ్చుకున్నాక ఒకరోజు హాస్పిటల్ నుంచి కేస్ మేనేజర్ ఫోన్ చేసి "రేపు రిహాబ్‌కి పంపుతున్నాం, ఏ ఫెసిలిటీ కావాలో చెప్పండి" అంటే ఏం చెప్పాలో తెలియక వాట్సాప్ గ్రూపుల్లో అడిగేవాళ్ళు. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళో డాక్టర్ గారి ఇరవై పడకల హాస్పిటల్ కాదు, ముసలివాళ్ళు నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఉండే చోటు, అందులోనే కొన్ని బెడ్లు హాస్పిటల్ నుంచి వచ్చి కొన్ని వారాలు రిహాబ్ (కోలుకోవడానికి థెరపీ) చేయించుకుని ఇంటికెళ్ళేవాళ్ళకి.

డబ్బు ఇచ్చేది ఎవరు అసలు?

మెడికేర్, మెడికెయిడ్, ఈ రెండు పేర్లు ఒకేలా వినపడతాయి కాబట్టి అందరూ కలిపేస్తారు, కానీ ఇక్కడ కథంతా ఈ రెండింటి మధ్య తేడాలోనే ఉంది. రెండూ 1965లో అప్పటి ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ ఒకే సంతకంతో తెచ్చినవే. మెడికేర్ ఫెడరల్ గవర్నమెంట్‌ది, 65 దాటినవాళ్ళకి, నర్సింగ్ హోమ్ విషయంలో హాస్పిటల్ తర్వాత కొద్దిరోజుల స్కిల్డ్ కేర్‌కి (నర్సో థెరపిస్టో చెయ్యాల్సిన కేర్‌కి) మాత్రమే ఇస్తుంది. మెడికెయిడ్ చేతిలో డబ్బు అయిపోయినవాళ్ళకి, ఫెడరల్, స్టేట్ కలిసి పెట్టుకుంటాయి, ఎన్నేళ్ళు ఉన్నా ఇస్తుంది.

దేశం మొత్తం మీద దాదాపు 15 వేల నర్సింగ్ హోమ్‌లు, వాటిలో 12 లక్షల పైచిలుకు మనుషులు. పదిమందిలో ఆరుగురికి పైగా మెడికెయిడ్ మీదే ఉంటారు, మెడికేర్ మీద ఉండేది ఒకరో ఒకరిన్నరో. కానీ రోజుకి వచ్చే రేటు చూస్తే మెడికేర్‌దే ఎక్కువ, మెడికెయిడ్‌ది చాలా రాష్ట్రాల్లో ఖర్చుకి కూడా చాలదని ఓనర్లు అంటారు. అందుకే అడ్మిషన్స్ వాళ్ళు హాస్పిటల్ చుట్టూ తిరిగేది తుంటి ఆపరేషన్ అయిన మెడికేర్ పేషెంట్ కోసం, లాంగ్ టర్మ్ బామ్మ గారి కోసం కాదు. మీ బిల్డింగ్‌లో రిహాబ్ వింగ్‌కి కొత్త ఫ్లోరింగు, కాఫీ బారు, వెనక లాంగ్ టర్మ్ హాల్‌లో పాత కర్టెన్లు ఉంటే కారణం ఇంటీరియర్ డిజైనర్ కాదు.

మెడికేర్ 100 రోజులు ఇస్తుందంట కదా?

"ఇస్తుంది" కాదు, "100 రోజుల వరకు ఇవ్వచ్చు". మొదటి 20 రోజులు మీరు ఏమీ కట్టక్కర్లేదు, 21 నుంచి 100 వరకు రోజుకి కోఇన్సూరెన్స్, అంటే మీరు కట్టాల్సిన వాటా, ఉంటుంది, 2025లో అది 209.50 డాలర్లు, 2026లో 217 డాలర్లు. మెడిగ్యాప్ పాలసీ (మెడికేర్ కట్టని భాగానికి తీసుకునే ప్రైవేట్ ఇన్సూరెన్స్) ఉంటే చాలావరకు అది కడుతుంది, లేకపోతే 80 రోజులకి ఎంతవుతుందో లెక్కేసుకోండి. ఇంకో మెలిక ఏంటంటే ముందు హాస్పిటల్‌లో మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా, అంటే అడ్మిట్ అయి, ఉండాలి, డిశ్చార్జ్ రోజు లెక్కలోకి రాదు. నాలుగు రాత్రులు హాస్పిటల్ బెడ్ మీదే పడుకున్నా కాగితాల్లో "అబ్జర్వేషన్" అని, అంటే అడ్మిట్ చెయ్యకుండా చూస్తున్నామని, రాసి ఉంటే ఒక్క రోజు కూడా లెక్కకి రాదు. కాబట్టి నాన్నగారు హాస్పిటల్‌లో ఉన్నప్పుడే రోజూ అడగండి, ఇన్‌పేషెంటా అబ్జర్వేషనా అని, సిగ్గుపడద్దు.

"మీ అమ్మగారు ఇంప్రూవ్ అవ్వట్లేదు కాబట్టి మెడికేర్ ఆపేస్తాం" అనే మాట ఇప్పటికీ కొన్నిచోట్ల వినపడుతుంది. అది రూల్ కాదు. జిమ్మో వర్సెస్ సెబీలియస్ కేసులో 2013లో సెటిల్‌మెంట్ అయింది, ఉన్న స్థితి దిగజారకుండా చూడటానికి స్కిల్డ్ నర్సు గానీ థెరపిస్టు గానీ అవసరమైతే అదీ కవర్ అవ్వాలి అని. ఆ కేసు పేరు గుర్తుపెట్టుకుని కేర్ ప్లాన్ మీటింగ్‌లో ఒకసారి అనండి, గదిలో టోన్ మారుతుంది.

రోజు రేటు ఎలా లెక్క కడతారు? పీడీపీఎమ్ అంటే?

పాతరోజుల్లో ఎంత ఖర్చయితే అంత బిల్లు పంపేవాళ్ళు, ఖర్చు పెరుగుతూ పోయింది, 1997లో బ్యాలన్స్‌డ్ బడ్జెట్ యాక్ట్ వచ్చి 1998 జూలై నుంచి రోజుకి ఇంత అని ఫిక్స్‌డ్ రేటు మొదలుపెట్టింది. ఆ పద్ధతిలో పేషెంట్లని గ్రూపులుగా విడగొట్టేవాళ్ళు, వాటిని రగ్స్ అనేవాళ్ళం. రగ్స్‌లో రేటుని నడిపించింది థెరపీ నిమిషాలు. వారానికి 720 నిమిషాలు దాటితే అల్ట్రా హై, అందరికన్నా ఎక్కువ రేటు. ఇంకేముంది, 92 ఏళ్ళ పెద్దాయన నిద్రకి తూలుతున్నా లేపి 720 పూర్తి చేయించడమే పని, 721, 722 నిమిషాలు అలా కరెక్ట్‌గా వచ్చేవి, ఆ కాలంలో పని చేసిన థెరపిస్టు ఎవర్నైనా అడగండి.

దాన్ని తీసేసి 2019 అక్టోబర్ 1 నుంచి పీడీపీఎమ్ (పేషెంట్ డ్రివెన్ పేమెంట్ మోడల్) తెచ్చారు. ఇందులో నిమిషాలు లెక్కకి రావు, పేషెంట్ ఎలాంటివాడు అన్నదే లెక్క. పీటీ, ఓటీ, స్పీచ్, నర్సింగ్, ఇంకా మందులూ సామాన్లూ లాంటి థెరపీ కాని ఖర్చులు, ఈ ఐదిటికి ఐదు స్కోర్లు, వాటికి గది, తిండి, ఆఫీసు ఖర్చుల కింద ఒక ఫిక్స్‌డ్ ముక్క కలిపితే ఆ రోజు రేటు వస్తుంది. మందుల ముక్కకి మొదటి మూడు రోజులు మూడింతలు ఇస్తారు, పీటీ ఓటీ ముక్కలు 20 రోజులు దాటాక వారానికి 2 శాతం చొప్పున తగ్గుతాయి. ఇదంతా ఎండీఎస్ అనే అసెస్‌మెంట్ ఫారంలో ఏం టిక్ చేశారో దాన్నిబట్టి వస్తుంది కాబట్టే మంచి ఎండీఎస్ నర్సు కోసం ఫెసిలిటీలు ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాగేసుకుంటారు.

నా ఉద్దేశంలో పీడీపీఎమ్ ఆలోచన మంచిదే, రగ్స్ కంటే నయం. కానీ పాతదాంట్లో అనవసరంగా ఎక్కువ థెరపీ చేయడానికి డబ్బు ఉండేది, కొత్తదాంట్లో అవసరమైనా తక్కువ చేయడానికి డబ్బు ఉంది.

అయితే 2019లో మన పీటీల ఉద్యోగాలు పోయింది దీనివల్లేనా?

అవును. నిమిషాలకి డబ్బు లేదన్న వారంలోనే చాలా కంపెనీలు థెరపిస్టుల్ని తీసేశాయి, ఫుల్ టైమ్‌ని పీఆర్‌ఎన్ (పిలిచినప్పుడే పని) చేశాయి, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకైతే అది ఉద్యోగం ఒక్కటే కాదు కదా, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. పేషెంట్ అక్టోబర్ 1 పొద్దున్నే మారిపోలేదు, సెప్టెంబర్ 30న ఎవరైతే ఉన్నారో వాళ్ళే ఉన్నారు. గ్రూప్, కాన్‌కరెంట్ థెరపీ (ఒకేసారి ఒకరికన్నా ఎక్కువమందికి చేసేవి) కలిపి 25 శాతం దాటకూడదు అని లిమిట్ పెట్టారు, దాటితే రిపోర్టులో ఒక వార్నింగ్ లైన్ వస్తుంది, డబ్బు కట్ అవ్వదు, ఇక ఎవరు భయపడతారు చెప్పండి. మెడికేర్ పార్ట్ బి (డాక్టర్లు, అవుట్‌పేషెంట్ సేవల భాగం) కింద చేసే థెరపీకి 2022 నుంచి పీటీఏ (పీటీ అసిస్టెంట్) గానీ కోటా (ఓటీ అసిస్టెంట్) గానీ చేస్తే మామూలు రేటులో 85 శాతమే ఇస్తున్నారు, అది ఇంకో దెబ్బ.

ప్రతి ఏడాదీ రేటు పెరుగుతుందా? ఎప్పుడు?

ఫెడరల్ బడ్జెట్ సంవత్సరం అక్టోబర్ 1న మొదలు. ఏప్రిల్ చుట్టుపక్కల సీఎంఎస్ (మెడికేర్, మెడికెయిడ్ చూసే ఫెడరల్ ఏజెన్సీ) ప్రపోజ్డ్ రూల్ పెడుతుంది, 60 రోజులు కామెంట్లు తీసుకుంటుంది, జూలై ఆఖరుకి ఫైనల్ రూల్. 2025 సంవత్సరానికి 4.2 శాతం, 2026కి 3.2 శాతం పెంచారు, ఈ 3.2 అంటే దేశం మొత్తానికి దాదాపు 116 కోట్ల డాలర్లు. ఆ 3.2 ఎలా వచ్చిందంటే ధరలు 3.3 పెరుగుతాయని అంచనా, అంతకుముందు వేసిన అంచనా తప్పింది కాబట్టి 0.6 కలిపారు, ప్రొడక్టివిటీ పేరుతో 0.7 కోశారు.

ఇక్కడితో అయిపోలేదు. పైన వాల్యూ బేస్డ్ పర్చేజింగ్ అని 2 శాతం ముందే పట్టుకుని అందులో 60 శాతం మాత్రమే, అదీ పేషెంట్లు మళ్ళీ హాస్పిటల్‌కి వెళ్ళకుండా చూసుకోవడం లాంటి వాటిలో బాగా చేసినవాళ్ళకి ఎక్కువగా తిరిగిస్తారు. సీక్వెస్ట్రేషన్ (ఫెడరల్ ఖర్చు తగ్గించడానికి పెట్టిన ఆటోమేటిక్ కోత) అని ఇంకో 2 శాతం ప్రతి బిల్లులో పోతుంది. పీడీపీఎమ్ వల్ల అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయిందని 2023, 2024లలో ఏడాదికి 2.3 శాతం చొప్పున వెనక్కి లాగారు కూడా. వేజ్ ఇండెక్స్ (ఆ ఏరియా జీతాలని బట్టి చేసే సవరణ) వల్ల ఒకే రాష్ట్రంలో సిటీలో ఒక రేటు, పల్లెలో ఒక రేటు. కాబట్టి "మెడికేర్ 3 శాతం పెంచిందంట, మరి నా జీతం?" అని అడిగే ముందు మీ ఫెసిలిటీలో మెడికేర్ బెడ్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. పదింట్లో ఒకటైతే ఆ పెంపు మీ జీతం దాకా రావడం కష్టం.

మెడికెయిడ్ రేటు ఎవరు పెడతారు?

స్టేట్. అసలు యుద్ధం ఇక్కడే, అందుకే కొంచెం పెద్దగా చెప్తా.

1980లో బోరెన్ అమెండ్‌మెంట్ అని ఒకటి వచ్చింది, సమర్థంగా నడిపే నర్సింగ్ హోమ్‌కి అయ్యే ఖర్చుకి సరిపడా, న్యాయంగా రేటు ఇవ్వాలి అని. దాన్ని పట్టుకుని ఓనర్లు రాష్ట్రాల మీద కేసులు వేశారు, 1990లో సుప్రీం కోర్టు కూడా వెయ్యొచ్చు అంది, గెలిచారు కూడా చాలాచోట్ల. గవర్నర్లకి ఒళ్ళు మండిపోయి 1997లో ఆ అమెండ్‌మెంట్‌నే ఎత్తేయించారు. 2015లో ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో సుప్రీం కోర్టు మెడికెయిడ్ రేటు చాలట్లేదని ప్రొవైడర్లు ఫెడరల్ కోర్టుకి రావడం కుదరదు అని తలుపు దాదాపు మూసేసింది. ఇక మిగిలింది ఏంటి, ఆస్టిన్, కొలంబస్, ట్రెంటన్ లాంటి స్టేట్ రాజధానుల్లో బడ్జెట్ సెషన్‌కి వెళ్ళి బతిమాలుకోవడమే.

ఇంకో దారి ప్రొవైడర్ ట్యాక్స్. నర్సింగ్ హోమ్‌ల మీద స్టేట్ పన్ను వేస్తుంది, ఆ పన్నుని వాళ్ళే వద్దనరు, వెయ్యమని అడుగుతారు. ఎందుకంటే ఫెడరల్ వాటా సగం ఉన్న రాష్ట్రంలో హోమ్‌ల దగ్గర 6 డాలర్లు వసూలు చేసి దానికి వాషింగ్టన్ నుంచి ఇంకో 6 తెచ్చుకుని 12 డాలర్లు రేటుగా తిరిగి ఇవ్వచ్చు. ఆదాయంలో 6 శాతం దాకా వెయ్యచ్చు. 2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద చట్టంలో ఒబామాకేర్ కింద మెడికెయిడ్‌ని ఎక్కువమందికి విస్తరించిన రాష్ట్రాల్లో ఈ 6ని 2028 నుంచి మెల్లగా 3.5కి దించుతున్నారు, కానీ నర్సింగ్ హోమ్‌లకి ఆ కోత లేదు. హాస్పిటళ్ళకి ఉంది. ఆ ఒక్క మినహాయింపు చూస్తే అసోసియేషన్ ఫీజులు ఎందుకు కడతారో అర్థమవుతుంది. అయితే కొత్త ట్యాక్సులు వెయ్యడం, ఉన్నవి పెంచడం మాత్రం వీళ్ళకీ బంద్.

ఇండియానాలో ఇంకో ట్రిక్ ఉంది, కౌంటీ హాస్పిటళ్ళు కాగితం మీద నర్సింగ్ హోమ్‌ల ఓనర్లు అయిపోతాయి, పబ్లిక్ సంస్థ కాబట్టి ఎక్స్‌ట్రా ఫెడరల్ డబ్బు వస్తుంది, రోజూ నడిపేది మాత్రం ప్రైవేట్ కంపెనీయే. 2023లో సుప్రీం కోర్టుకి వెళ్ళిన టలెవ్‌స్కీ కేసులో ప్రతివాది అలాంటి కౌంటీ సంస్థే. ఆ కేసులో కోర్టు, 1987 నర్సింగ్ హోమ్ రిఫార్మ్ చట్టంలోని హక్కుల కోసం గవర్నమెంట్ హోమ్‌లో ఉన్న రెసిడెంట్లు ఫెడరల్ కోర్టులో కేసు వెయ్యచ్చు అంది. అంటే ప్రొవైడర్‌కి మూసిన తలుపు రెసిడెంట్‌కి తెరిచే ఉంది.

ఈ అసోసియేషన్లు ఏంటి? లాబీయింగ్ అంటే లంచమా?

కాదు. మన దగ్గర ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ హాస్పిటళ్ళ సంఘం మంత్రి గారిని కలిసి, సర్వీసులు ఆపేస్తాం అని నోటీసు ఇవ్వడం పేపర్లో చూస్తుంటాం కదా, ఇక్కడ అదే పని ఏడాది పొడుగునా, లాయర్లతో, డేటాతో, ఎన్నికల విరాళాలతో, రిజిస్టర్ చేసుకుని చేస్తారు.

పెద్దది అమెరికన్ హెల్త్ కేర్ అసోసియేషన్, 1949 నుంచి ఉంది, సభ్యుల్లో ఎక్కువమంది లాభం కోసం నడిపేవాళ్ళు, ప్రతి రాష్ట్రంలో శాఖలాంటి సంఘం ఉంటుంది. లాభం లేని సంస్థలది లీడింగ్‌ఏజ్. రెసిడెంట్ల తరఫున నేషనల్ కన్‌స్యూమర్ వాయిస్, సెంటర్ ఫర్ మెడికేర్ అడ్వొకసీ లాంటివి ఉన్నాయి, వీళ్ళ దగ్గర డబ్బు తక్కువ. యూనియన్ వైపు ఎస్‌ఈఐయూ. మొదటి రెండూ డబ్బు విషయంలో ఒకే మాట మీద ఉంటాయి, ఓనర్ల లెక్కలు బయటపెట్టాలి అన్నప్పుడు మాత్రం గొంతులు కొంచెం వేరుగా వినపడతాయి.

మా ఫెసిలిటీ ఎప్పుడూ నష్టం నష్టం అంటుంది. నిజమా?

ఏ జేబు గురించి మాట్లాడుతున్నారు అని అడగండి. మెడ్‌పాక్ అని కాంగ్రెస్‌కి సలహా ఇచ్చే కమిషన్ ఉంది, అది ఏటా మార్చిలో రిపోర్ట్ ఇస్తుంది, అందులో మెడికేర్ పేషెంట్ల మీద నర్సింగ్ హోమ్‌ల లాభం 20 శాతం చుట్టుపక్కల ఉంటోందని, కాబట్టి రేటు తగ్గించమని చెప్తూనే ఉంది. అన్ని రకాల పేషెంట్లనీ కలిపి చూస్తే ఆ లాభం దాదాపు సున్నాకి వచ్చేస్తుంది. అసోసియేషన్ రెండో అంకె చూపిస్తుంది, మెడ్‌పాక్ మొదటిది చూపిస్తుంది, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మెడికెయిడ్ లోటుని మెడికేర్ డబ్బుతో పూడ్చడం పాలసీ కాకూడదు అని మెడ్‌పాక్ వాదన, నాకైతే అది సబబే అనిపిస్తుంది, ఎందుకంటే అలా పూడిస్తే ఎక్కువ సాయం దొరికేది రిహాబ్ పేషెంట్లు ఎక్కువున్న పోష్ ఫెసిలిటీలకి, మెడికెయిడ్ జనంతో నిండిన బిల్డింగ్‌కి కాదు.

ఇంకోటి, ఓనరే బిల్డింగ్ కంపెనీ, మేనేజ్‌మెంట్ కంపెనీ, థెరపీ కంపెనీ, ఫార్మసీ విడివిడిగా పెట్టుకుని నర్సింగ్ హోమ్ నుంచి వాటికి అద్దెలు, ఫీజులు ఎక్కువగా కట్టించుకుంటే నర్సింగ్ హోమ్ పుస్తకంలో నష్టమే కనపడుతుంది. ఇల్లినాయ్ లెక్కలు తవ్విన ఆర్థికవేత్తలు లాభాల్లో సగానికి పైగా ఇలా దాక్కున్నాయని తేల్చారు. అందరూ ఇలా చేస్తారని కాదు, ఊళ్ళో ఉన్న ఒక్క చర్చి హోమ్ నిజంగానే మెడికెయిడ్ రేటుతో మునిగిపోతుండొచ్చు. మీ ఫెసిలిటీ కాస్ట్ రిపోర్ట్ (మెడికేర్‌కి ఏటా ఇచ్చే ఖర్చుల లెక్క) పబ్లిక్ డాక్యుమెంటే, రిలేటెడ్ పార్టీల, అంటే ఓనర్ సొంత కంపెనీల, పేజీ చూడండి.

స్టాఫింగ్ రూల్ ఏమైంది?

నర్సింగ్ స్టాఫ్ కనీసం ఎంత ఉండాలి అనే రూల్‌ని 2024 ఏప్రిల్‌లో బైడెన్ ప్రభుత్వం ఫైనల్ చేసింది. ఒక్కో రెసిడెంట్‌కి రోజుకి 3.48 గంటల నర్సింగ్, అందులో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) 0.55, నర్స్ ఎయిడ్ 2.45, బిల్డింగ్‌లో 24 గంటలూ ఆర్‌ఎన్. ప్రపోజల్ మీద 46 వేలకి పైగా కామెంట్లు వచ్చాయి. అమెరికన్ హెల్త్ కేర్ అసోసియేషన్ టెక్సస్ సంఘంతో కలిసి కేసు వేసింది, మనుషులు దొరకట్లేదు, దొరికినా డబ్బు ఎవరిస్తారు అని. 2025 ఏప్రిల్‌లో టెక్సస్ జడ్జి కొట్టేశారు, జూన్‌లో అయోవాలో ఇంకో జడ్జి, జూలై చట్టంలో 2034 సెప్టెంబర్ దాకా అమలు ఆపేశారు, డిసెంబర్‌లో సీఎంఎస్ రూల్‌నే వెనక్కి తీసుకుంది.

రెండు వైపులా నిజం ఉంది. రాత్రి షిఫ్ట్‌లో ఒక్క ఎయిడ్ ఇరవై మందిని చూసుకోవడం ఏంటో చేసినవాళ్ళకి తెలుసు. అలాగే రూల్ పెట్టి దానికి పైసా ఇవ్వకపోవడం కూడా అన్యాయమే. పాత రూల్ మాత్రం ఉంది, రోజుకి 8 గంటలు వరుసగా ఆర్‌ఎన్ ఉండాలి, మిగతాది "సరిపడా స్టాఫ్".

వీసాల సంగతి కూడా అసోసియేషన్లు అడుగుతాయా?

అడుగుతాయి. ఆర్‌ఎన్‌లు, పీటీలు షెడ్యూల్ ఎ (మనుషుల కొరత ఉన్న ఉద్యోగాల లిస్టు) కిందకి వస్తారు కాబట్టి లేబర్ సర్టిఫికేషన్ (ఇక్కడివాళ్ళు దొరకట్లేదని నిరూపించడం) అక్కర్లేదు, అయినా ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ 3 గ్రీన్ కార్డ్ లైన్ ఏళ్ళ తరబడి. హెల్త్‌కేర్ వర్క్‌ఫోర్స్ రెజిలియన్స్ యాక్ట్ అని 25 వేలు నర్సులకి, 15 వేలు డాక్టర్లకి వీసాలు ఇవ్వాలనే బిల్లు కాంగ్రెస్‌లో పెడుతూనే ఉన్నారు, పాస్ అవ్వలేదు. పీటీలు అందులో లేరు, ఎవరూ అడగలేదు కాబట్టి అనుకోండి.

అమ్మానాన్నలకి గ్రీన్ కార్డ్ వచ్చింది. నర్సింగ్ హోమ్ అవసరమైతే?

మెడికేర్ ముందు. 65 దాటి, గ్రీన్ కార్డ్‌తో, ఇక్కడ వరుసగా 5 ఏళ్ళు ఉంటే కొనుక్కోవచ్చు. ఇక్కడ పని చేసి 40 క్వార్టర్లు, అంటే పదేళ్ళు, మెడికేర్ ట్యాక్స్ కట్టలేదు కాబట్టి పార్ట్ ఎ కి (హాస్పిటల్, నర్సింగ్ హోమ్ కవరేజ్‌కి) ప్రీమియం ఉంటుంది, 2026లో నెలకి 565 డాలర్లు, పార్ట్ బి వేరే. పిల్లల ట్యాక్సులు పనికిరావు, అది చాలామంది అడుగుతారు.

మెడికెయిడ్‌కి 1996 చట్టం ప్రకారం గ్రీన్ కార్డ్ తర్వాత 5 ఏళ్ళు ఆగాలి, ఆ తర్వాత కూడా సిటిజన్ అయ్యేదాకా స్పాన్సర్ చేసిన కొడుకో కూతురో ఆదాయం వాళ్ళదిగా లెక్కేసే అవకాశం ఉంది, కాబట్టి సాఫ్ట్‌వేర్ జీతం ఉన్న ఇంట్లో అది రాదనే అనుకోండి. కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో వేరే రూల్స్ పెట్టుకున్నాయి. సిటిజన్ అయ్యాక దారి తెరుచుకుంటుంది, కానీ చాలా రాష్ట్రాల్లో లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు, వెనక్కి 5 ఏళ్ళలో ఎవరికైనా ఉచితంగా రాసిచ్చినవి కూడా చూస్తారు. గుంటూరులో ప్లాటు, ఊళ్ళో పొలం కూడా అప్లికేషన్‌లో చెప్పాల్సిందే, మొన్నే తమ్ముడి పేరు మీదకి మార్చాం అంటే అదే సమస్య. వెళ్ళేముందు ఎల్డర్ లా లాయర్‌ని (పెద్దవాళ్ళ ఆస్తి, మెడికెయిడ్ విషయాలు చూసే లాయర్‌ని) కలవండి, ఇమిగ్రేషన్ లాయర్ వేరే, ఈ లాయర్ వేరే. విజిటర్ ఇన్సూరెన్స్ మీద నర్సింగ్ హోమ్ ఆశ పెట్టుకోవద్దు.

మెడికేర్ అడ్వాంటేజ్ తీసుకున్నాం, దానికి ఇవే రూల్సా?

మెడికేర్ అడ్వాంటేజ్ అంటే మెడికేర్‌ని ప్రైవేట్ ఇన్సూరెన్స్ కంపెనీ ప్లాన్ ద్వారా తీసుకోవడం. రూల్స్ పేరుకి అవే. మూడు రోజుల హాస్పిటల్ రూల్ చాలా ప్లాన్లు అడగవు, అది మేలు. కానీ ముందస్తు అనుమతి కావాలి, నెట్‌వర్క్‌లోనే వెళ్ళాలి, పది పన్నెండు రోజులకే "చాలు" అని లెటర్ పంపేస్తారు. 2024 నుంచి ట్రెడిషనల్ మెడికేర్ ఏది కవర్ చేస్తుందో వీళ్ళూ అదే కొలతతో చెయ్యాలని సీఎంఎస్ రూల్ ఉంది. ఆపేస్తున్నాం అనే నోటీసు కనీసం రెండు రోజుల ముందు చేతికి ఇవ్వాలి, కవరేజ్ ఆగే తేదీకి ముందురోజు మధ్యాహ్నం 12 లోపు ఫాస్ట్ అప్పీల్ చెయ్యాలి, నంబర్ ఆ కాగితం మీదే ఉంటుంది. ఫ్రీ. ప్లాన్లు ఇచ్చే రేటు కూడా తక్కువ కాబట్టి ఈ ఒక్క విషయంలో ఫ్యామిలీ, ఫెసిలిటీ ఒకే పక్షం, రిహాబ్ డైరెక్టర్‌ని అడిగి నోట్స్ కాపీ తీసుకోండి, సాయం చేస్తారు.

నేను మామూలు ఉద్యోగిని, వీసా మీద ఉన్నా. నేను ఏమైనా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. సీఎంఎస్ ప్రపోజ్డ్ రూల్ మీద ఎవరైనా కామెంట్ పెట్టచ్చు, సిటిజన్ అవ్వక్కర్లేదు, రెగ్యులేషన్స్ డాట్ గవ్ సైట్‌లో పది నిమిషాల పని. అసోసియేషన్ పంపిన టెంప్లేట్ కాపీ పేస్ట్ చెయ్యకండి, వేల కాపీలు ఒకటిగా లెక్క. మీరు చూసింది రాయండి, ఏ రకం పేషెంట్‌కి స్కోరు తక్కువ వచ్చి ఖర్చు ఎక్కువ అవుతోంది, గ్రూప్ థెరపీలో ఎంతమందిని కూర్చోబెడుతున్నారు, ఇలా. పేషెంట్ పేరు, రూమ్ నంబర్, ఏదీ రాయద్దు, కామెంట్ అందరికీ కనపడుతుంది. కంపెనీ తరఫున రాస్తున్నట్టు కాకుండా మీ సొంతంగా, "పీటీ, 9 ఏళ్ళ అనుభవం" అన్నట్టు రాస్తే చాలు.

మెడికెయిడ్ రేటు గురించైతే సీఎంఎస్‌కి రాసి లాభం లేదు, మీ స్టేట్ లెజిస్లేచర్‌లో బడ్జెట్ హియరింగ్ ఎప్పుడో చూసుకుని మీ ఏరియా రెప్రజెంటేటివ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. కేర్ బాగోలేదు అనే కంప్లయింట్ అయితే అది వేరే, దానికి ప్రతి రాష్ట్రంలో లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్ ఉంటారు, ఆ నంబర్ ఫెసిలిటీలో అందరికీ కనపడేలా అతికించి ఉండాలి. లేకపోతే మొదటి కంప్లయింట్ అదే.